షుగర్ ఉన్న నాన్నగారికి డయాలసిస్: ఇప్పుడే మొదలుపెట్టాలా, ఆగవచ్చా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
మా నాన్నగారికి 64 ఏళ్లు, 22 ఏళ్లుగా షుగర్ ఉంది. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంతమేరకు వడకడుతున్నాయో చెప్పే అంచనా) 11కి పడిపోయిందని, డయాలసిస్‌కు సిద్ధపడమని నెఫ్రాలజిస్టు చెప్పారు. అయితే ఆయాసం, వాంతులు, కాళ్ల వాపు ఏవీ లేవు. ఉదయం అరండల్‌పేట దాకా నడిచి వస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్లు డయాలసిస్‌కు వెళితే ఎంతోకాలం ఉండరని బంధువులు భయపెడుతున్నారు. ముందుగా మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుందా? ఆ తరువాత జీవితం ఎలా ఉంటుంది?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట):
మా అమ్మగారికి నాలుగేళ్లుగా డయాలసిస్ జరుగుతోంది, ఆవిడకూ షుగరే కారణం. మీ మొదటి ప్రశ్నకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందిపై జరిగి 2010లో వెలువడిన ఐడియల్ అధ్యయనం కొంత సమాధానం ఇస్తుంది. ఈజీఎఫ్ఆర్ 10–14 మధ్య ఉన్నప్పుడే మొదలుపెట్టినవారికీ, 5–7కు తగ్గేదాకా ఆగుదామనుకున్నవారికీ బతికిన కాలంలో తేడా కనిపించలేదు. కాకపోతే ఆగుదామనుకున్నవారిలో చాలామందికి ఇబ్బందులు తలెత్తి, అనుకున్నదానికంటే ముందే మొదలుపెట్టవలసి వచ్చింది. కనుక డాక్టరుగారి పర్యవేక్షణలో ఆగవచ్చు గానీ ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని, సిరను కలపడం) మాత్రం వాయిదా వేయకండి. అది పనికి రావడానికి నెలా రెండు నెలలు, షుగర్ వల్ల రక్తనాళాలు గట్టిపడినవారికి ఇంకా ఎక్కువ పడుతుంది. మేము తాత్సారం చేసినందువల్ల అమ్మకు మెడ దగ్గర గొట్టంతో మొదలుపెట్టవలసి వచ్చి, దానికి ఇన్ఫెక్షన్ సోకి, ఆ నెలంతా ఆసుపత్రిలోనే గడిచింది.

జవాబు (డయాలసిస్ టెక్నీషియన్, గుంటూరు):
బంధువుల మాటలో కొంత నిజం ఉంది. షుగర్ లేనివారితో పోలిస్తే ఉన్నవారి ఆయుష్షు సగటున తక్కువే, మొదటి కొన్ని నెలలు మరీ జాగ్రత్తగా ఉండవలసిన కాలం. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా గుండె జబ్బు, ఆ తరువాత ఇన్ఫెక్షన్లు. అందువల్ల ముందే ఎకో (గుండె స్కానింగ్) తీయించి, గుండె డాక్టరుకు చూపించండి. కిడ్నీలు దెబ్బతిన్నాక ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. పాత మోతాదే కొనసాగిస్తే లో షుగర్ వస్తుంది. అప్పుడు కొబ్బరినీళ్లు, అరటిపండు ఇవ్వకండి, పొటాషియం పెరుగుతుంది. గ్లూకోజు గానీ పంచదార గానీ చాలు. మిషను మీద ఉండగా బీపీ పడిపోవడం షుగర్ ఉన్నవారికి మామూలే, రెండు సెషన్ల మధ్య ఒంట్లో నీరు చేరి బరువు ఎక్కువగా పెరిగితే అది మరీ తీవ్రమవుతుంది. మన ఎండల్లో నీళ్లు తగ్గించడం కష్టమని తెలుసు, కానీ దాహం పెంచేది ఆవకాయలోని ఉప్పే. పాదాలు రోజూ చూడాలి. వేలు తీసివేయవలసి వచ్చినవారి నడక, ధైర్యం రెండూ దెబ్బతినడం చూశాను. ఖర్చు విషయానికి వస్తే, అర్హులకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద డయాలసిస్ ఉచితం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. సర్జన్‌గారి అపాయింట్‌మెంటు తీసుకున్నాను. ఫిస్టులా కోసం అట్టేపెట్టిన ఎడమ చేతి నుంచి ఇక రక్తం తీయనివ్వవద్దని చెప్పగానే నాన్నగారు ఏమీ అనకుండా వాచీ తీసి కుడి చేతికి పెట్టుకున్నారు.