బీఎస్సీ నర్సింగ్: ఫీజు కాక ఇంకేం ఖర్చులుంటాయి?

ప్రశ్న: మా చెల్లెలు బైపీసీ పూర్తి చేసింది. 4 ఏళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చాలని ఉంది. నాన్న ఆటో నడుపుతారు. ఫీజు కాక ఇంకేం ఖర్చులుంటాయి? తరగతిలో ఎలాంటివాళ్లుంటారు?

జవాబు: ఖమ్మం నుంచి హైదరాబాద్ వచ్చి చదివాను. ఫీజు సరే, హాస్టలే మా నాన్న నడుము విరిచింది. యూనిఫాం, తెల్ల బూట్లు, రికార్డులు, ఆసుపత్రి డ్యూటీకి బస్సు ఛార్జీలు... చేరే రోజున వీటి గురించి ఎవరూ చెప్పలేదు! మా 60 మందిలో అబ్బాయిలు 5 మందే. ఎక్కువ మంది రైతుల, కూలీల పిల్లలు. ఒకామె చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చింది; మార్కుల్లో మాత్రం ఆవిడే ముందు.

మరో జవాబు: ముందు ప్రభుత్వ కళాశాలకు ప్రయత్నించండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే తీసుకోండి. ప్రైవేటైతే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూడండి.

అడిగినవారు: అక్కా, బూట్ల సంగతి నాన్నకు ఇప్పుడే చెప్పను.