రత్నాలా, రతనాలా? గిటార్ విప్పితే వచ్చిన డౌటు

నల్లగొండ గిటారు:
నిన్న మధ్యాహ్నం సంగతి. మా మేనల్లుడి ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌కు తగిలిస్తే చాలు, గుయ్యిమని ఒకటే రొద. తీగల కదలికను కరెంటుగా మార్చే సింగిల్ కాయిల్ పికప్‌లు మూడున్న పాత సరుకు. హాల్లో గుడ్డ పరిచి, తీగలు వదులు చేసి, ముందున్న ప్లాస్టిక్ ప్లేటు విప్పాను. స్విచ్చి దగ్గర ఒక వైరు వేలాడుతున్నట్టు కనిపిస్తే కొంచెం లాగి చూశా. అది గట్టిగానే ఉంది, దాని పక్కవి రెండు ఊడి చేతికొచ్చాయి. సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టి, అది కాలేదాకా ఆ వైర్లు పట్టుకుని దిగులుగా కూర్చున్నా. మా నాన్న పేపరు దించకుండానే

"తీగలను తెంపి అగ్నిలో దింపినావు"

అన్నాడు. నేను ఊరుకోకుండా, దాశరథి నిజామును తిట్టిన ఆ పద్యంలోని కింది పాదం "నా తెలంగాణ కోటి రతనాల వీణ" అని అందించాను. "రతనాల కాదురా, రత్నాల" అని మళ్లీ పేపర్లోకి పోయాడు. ఎందుకని అడిగితే "నువ్వే లెక్కపెట్టుకో" అన్నాడు. తర్వాత నిద్ర. గోడల మీద, బ్యానర్ల మీద నేను చూసిందంతా రతనాలే. ఏది కరెక్టు?

వనపర్తి సార్:
నాన్నగారికి నా నమస్కారాలు. ఆ పద్యం ఛందస్సు తేటగీతి అని గుర్తుంటే అనుమానమే రాదు. నాతె, లంగాణ, కోటిరత్, నాల, వీణ. మూడోది ఇంద్రగణం కావాలి, చక్కగా రగణం ఉంది. రతనాల అన్నారంటే "కోటిరత" అవుతుంది, గురువు మీద మూడు లఘువులు. అట్లాంటి ఇంద్రగణం ఎక్కడన్నా ఉంటే చూపించండి.

దేవరకొండ:
గణాలు సరే సార్. మాత్రలు లెక్కేయండి. "కోటి రత్నాల వీణ" పదకొండు, "కోటి రతనాల వీణ" కూడా పదకొండే. అందుకే పాడేవాడికి ఎక్కడా తట్టుకోదు, వినేవాడికి తేడా పట్టదు. జనం నాలుక మీద మాత్రలు నిలుస్తాయి కానీ గణాలు నిలవవు.

వనపర్తి సార్:
జనం నాలుక గురించి అడగలేదు కదా, పద్యం గురించి అడిగారు.

దేవరకొండ:
నినాదంగా మారాక అది పద్యమా సార్?

గద్వాల అక్క:
మీరిద్దరూ ఒక్క "త" పట్టుకుని కొట్టుకుంటున్నారు. నాకు బడి రోజుల నుంచీ ఉన్న డౌటు వేరే. అగ్నిలో దింపింది దేన్ని? తెంపిన తీగల్నా, వీణనా?

వనపర్తి సార్:
వీణనే అమ్మా. జడానికి "ను" లేకపోయినా కర్మే. "పుస్తకం చదివాడు" అనమా?

దేవరకొండ:
నేనొప్పుకోను. "దింపినావు" దగ్గర వాక్యం అయిపోయింది. అక్కడిదాకా నిజామును తిట్టడం. కింది పాదం కవి తన కోసం పలవరించుకున్నది. వీణ కూడా కాలిపోతే ఇంక కోటి రత్నాలు ఎక్కడివి?

గద్వాల అక్క:
రత్నాలు కాలవు కదా తమ్ముడూ. వీణ కాలినా అవి మిగుల్తాయి. కవి భావం అదేనేమో!

మిర్యాలగూడ:
వజ్రం కాలుతుంది అక్కా. వజ్రం, బొగ్గు రెండూ కార్బనే.

నకిరేకల్:
బొగ్గు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. నిజామాబాద్ జైలు గోడ మీద దాశరథి పద్యాలు రాసింది బొగ్గుతోనే. పక్కన ఉన్నది ఎవరు? వట్టికోట ఆళ్వారుస్వామి. మా నకిరేకల్ పక్కన మాధవరం ఆయనది. దాశరథి తన "అగ్నిధార" కావ్యం అంకితం ఇచ్చింది కూడా ఆళ్వారుస్వామికే. ఈ విషయంలో నల్లగొండ వాటా మర్చిపోవద్దు.

పాలమూరు పాతకాపు:
నల్లగొండకు వాటా అయితే మాకు ఆస్తే ఉంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసిన సురవరం ప్రతాపరెడ్డి మా పాలమూరాయన. 1934లో.

మిర్యాలగూడ:
1934కు దాశరథికి తొమ్మిదేళ్లు నిండాయో లేదో పెద్దాయనా. ఆ సంచికకూ ఈ "త"కూ ఏం సంబంధం?

పాలమూరు పాతకాపు:
సంబంధం ఉండాలని ఎవరన్నారు.

సూర్యాపేట సౌండు:
పద్యం మీరు చూసుకోండి, నేను గిటార్ అడుగుతున్నా. తమ్ముడూ, తీగల మీద చెయ్యి పెడితే రొద తగ్గుతోందా, పెరుగుతోందా?

నల్లగొండ గిటారు:
పెరుగుతోంది అన్నా. జాక్ ఇనుము ముట్టుకుంటే మాత్రం తగ్గుతోంది.

సూర్యాపేట సౌండు:
అయితే నువ్వు ముందు ప్లేటు ఊరికే విప్పావు. ఊడిన రెండూ ఎట్లాగూ అతికించాలనుకో. వెనక మూత తియ్యి. స్ప్రింగులు తగిలించిన ఇనుప కొక్కెం ఉంటుంది. దానికి ఒక నల్ల వైరు అతికించి ఉండాలి, చూడు, ఊడి ఉంటుంది. ఆ వైరు ద్వారానే తీగలన్నీ జాక్ ఎర్త్‌కు చేరతాయి. అప్పుడు నీ చెయ్యి తీగ మీద పడగానే నీ ఒళ్లు కూడా ఎర్త్ అవుతుంది, రొద పడిపోతుంది. మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఒక ముల్లు తీగకు, ఇంకోటి జాక్ బయటి గొట్టానికి ఆనించు. కూయకపోతే అదే రోగం. యాంప్ మాత్రం మూడు పిన్నుల ప్లగ్గుతో, ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టు. తీగలు చేతిలో ఉంటాయి, ఆటలు కాదు.

గద్వాల అక్క:
అంటే తీగల్ని అగ్నిలో కాదు, భూమిలో దింపాలన్నమాట.

దేవరకొండ:
ఇక్కడే ఇంకో ముచ్చట. వాళ్ల నాన్న "తీగలు" అన్నది గిటార్ తీగల్ని కాదు, ఊడిన వైర్లని. మనకు పొట్లపాదుకు పాకేదీ తీగే, దండెం కట్టేదీ తీగే, కరెంటుదీ తీగే, వీణదీ తీగే. ఒక్క మాటతో ఇన్ని పనులు చేసుకునే భాషలో వైరు అనే మాట దేనికి దిగుమతి అయింది?

గద్వాల అక్క:
మా ఇంట్లో "తీగె" అంటాం. అది కూడా రాసుకో.

మిర్యాలగూడ:
వీణకు పికప్ పెట్టే వాళ్లకూ ఇదే గోల. గిటార్ పికప్ అయస్కాంతం కాబట్టి ఉక్కు తీగనే పట్టుకుంటుంది. ఇత్తడి తీగను పట్టించుకోదు. ఇంకోటి, మన కరెంటు రొద 50 హెర్ట్జ్. గిటార్ జీ తీగ 196, కరెంటుకు నాలుగింతలు 200. రొద కూడా దాదాపు శ్రుతిలోనే ఉంటుంది, కాస్త హెచ్చు, అంతే.

నల్లగొండ గిటారు:
సౌండన్నా, దండం. నల్ల వైరు ఊడే ఉంది. నా 25 వాట్ల ఐరన్ కొక్కేనికి పెడితే సోల్డర్ ముత్యంలా గుండ్రంగా నిలబడి దొర్లిపోయింది. ఆ ఇనుము వేడంతా మింగేస్తోంది. రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర 60 వాట్లది అడిగి తెచ్చి, కొక్కేన్ని ఆకురాయితో తళతళలాడేదాకా గీకి, పేస్టు రాసి, ఐరన్ ఆనించి పదిదాకా లెక్కపెట్టా. అప్పుడు సోల్డర్ నీళ్లలా పరుచుకుంది. మీటర్ కూసింది. స్విచ్చివి రెండు కూడా అతికించా. ఇప్పుడు తీగ ముట్టుకోగానే రొద ఠక్కున పడిపోతోంది. చెయ్యి తీస్తే కొంచెం మిగులుతోంది, సన్నగా.

సూర్యాపేట సౌండు:
సింగిల్ కాయిల్‌కు ఆ మాత్రం ఉంటుంది. స్విచ్చి రెండో, నాలుగో స్థానంలో పెట్టి చూడు, అక్కడ రెండేసి పికప్‌లు కలిసి పనిచేస్తాయి. మధ్య పికప్ ఎదురు చుట్టుదైతే అదీ పోతుంది.

నల్లగొండ గిటారు:
పోయింది! ఇంకో మాట. ఆ సన్న రొద వినగానే నాన్న నవ్వి "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు బోవునే" అందుకున్నాడు. రత్నాల సంగతి మళ్లీ అడిగితే పలకలేదు.

వనపర్తి సార్:
ఆగండి. నాన్నగారు "బోవునే" అన్నారా? పోతన "మధుపంబు వోవునే" కదా! ప్రథమా విభక్తి మాట తర్వాత వచ్చే పకారానికి వకారం. కిందనే "రాయంచ సనునే" ఉంది, అక్కడ "జనునే" అంటారా?

దేవరకొండ:
సార్, ఇందాక రత్నాలకు నమస్కారం పెట్టింది ఈయనకే.

గద్వాల అక్క:
అది సరే గానీ, ఆ మధుపం పాదం చివర "మదనములకు" అంటే ఉమ్మెత్తేనా? తుమ్మెద ఉమ్మెత్త మీద వాలడం నేనైతే చూశా.

నల్లగొండ గిటారు:
నాకు బోవునే అనే వినిపించింది సార్. యాంప్ ఆన్‌లో ఉంది, సరిగా వినపడలేదేమో. ఆయన మళ్లీ పడుకున్నాడు, లేచాక అడుగుతా.