ఆది జాకెట్టు ఇవ్వాలా, ఒంటి కొలతలు ఇవ్వాలా?

గుంటూరు కోడలు

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్ళి. పట్టుచీరల మీదకి జాకెట్లు కుట్టించాలి, రెండిటికి మగ్గం వర్క్ కూడా ఉంది. నా ఒంటితీరు చెబుతాను: భుజాలు సన్నం, ఛాతీ నిండుగా ఉంటుంది, చేతులు లావు. ఇన్నాళ్ళూ మా వీధిలో టైలర్‌కి ఆది జాకెట్టు, అంటే కొలత కోసం నా పాత జాకెట్టు, ఇచ్చేదాన్ని. ఆయన అచ్చం ఆదిలాగే కుట్టి ఇస్తాడు. కానీ ఆ ఆదే నాకు సరిగ్గా లేదు. భుజం జారుతుంది, ముందు హుక్కుల మధ్య సందులు కనబడతాయి.

మొన్న ఒక బొటీక్‌కి వెళ్తే "ఆది వద్దండీ, మేమే కొలతలు తీసుకుంటాం" అని టేపుతో అన్నీ రాసుకున్నారు. అదీ కుదరలేదు. చంక పట్టేస్తోందని చెబితే ఇంకాస్త లోతుగా కోసి ఇచ్చారు. ఇప్పుడు చెయ్యి పైకెత్తితే జాకెట్టంతా పైకి లేస్తోంది.

మా అత్తగారు ఆదిని మించింది లేదంటారు. మా చెల్లెలేమో ఆది ఇవ్వడమంటే పాత తప్పుని మళ్ళీ డబ్బిచ్చి కుట్టించుకోవడమే అంటుంది. కుట్టడం తెలిసినవాళ్ళు, కుట్టించుకునేవాళ్ళు, అందరూ చెప్పండి. ఏది మేలు?

రాజమండ్రి మిషను

నా ఓటు ఆదికే. ఇంట్లోనే కుడతాను, చుట్టుపక్కల మూడు తరాల ఆడవాళ్ళకి కుట్టాను.

టేపు ఒళ్ళు ఎంతుందో చెబుతుంది గానీ, ఆ మనిషికి ఎంత బిగువు ఇష్టమో చెప్పదు. కొలతలన్నీ ఒకేలా ఉన్న అక్కచెల్లెళ్ళిద్దరికి కుట్టాను. అక్కకి చేతులు ఒంటికి అతుక్కున్నట్టుండాలి. చెల్లెలికి అంచులో రెండు వేళ్ళు దూరకపోతే ఊపిరాడదు. మెడ ఎంత దిగాలి, వీపు ఎంత కనబడాలి, పొడవు ఎక్కడ ఆగాలి అని అడిగితే చాలామంది "మామూలుగానే అండీ" అంటారు. ఆ మామూలు ఏమిటో ఆది చూస్తేనే తెలిసేది. పైగా టేపు పెట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఆ కొలతకి కుడితే భోజనాలకి కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. మా అమ్మ తరం ఆడవాళ్ళు మగ టైలర్‌తో ఒంటి మీద టేపు పెట్టించుకోరు. ఇప్పటికీ అలా అనుకునేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి ఆది తప్ప దారేది?

కోడలమ్మా, నీ ఆది బాగాలేదంటే తప్పు పద్ధతిది కాదు, ఆ ఒక్క జాకెట్టుది. బాగా అమరినది ఒక్కటి చేయించుకో, ఇక బెంగ ఉండదు.

కటింగ్ టీచర్

హైదరాబాద్‌లో కటింగ్, స్టిచింగ్ నేర్పిస్తాను. రాజమండ్రి అక్కగారు బిగువు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ "బాగా అమరినది ఒక్కటి చేయించుకో" అన్నారు చూడండి, అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆ మొదటిది ఎలా వస్తుంది?

బొటీక్ వాళ్ళు ఎక్కడ తప్పారో చెప్పగలను, ఎందుకంటే నా దగ్గరికి నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ అక్కడే తప్పుతారు. ఛాతీ చుట్టుకొలత తీసి, నాలుగుతో భాగించి, లూజు కలిపి, ముందుకీ వెనక్కీ అదే పెట్టి, భుజం, చంక కూడా ఆ ఛాతీ లెక్కలోంచే తీస్తారు. ఛాతీ 38 ఉన్న ఇద్దర్ని తీసుకోండి. రొమ్ముల పైన, చంకల కిందుగా టేపు తిప్పి పై ఛాతీ కూడా కొలిస్తే ఒకరికి 37 వస్తుంది, ఇంకొకరికి 34. మొదటావిడది వెడల్పాటి వీపు. రెండో ఆవిడది సన్నటి ఎముక, ఒంటి నిండుదనమంతా ముందు వైపే. ఇద్దరికీ ముందూ వెనకా తొమ్మిదిన్నర చొప్పున కోస్తే మొదటావిడకి చాలావరకు కుదురుతుంది. రెండో ఆవిడకి వీపు దగ్గర బట్ట ఎక్కువై భుజం జారుతుంది, ముందు చాలక హుక్కులు లాగుతాయి. గుంటూరు కోడలు గారూ, మీరు చెప్పిన లక్షణాలు ఇవేగా?

మీలాంటి ఒంటికి మెడ, భుజం, చంక 34 ప్రకారమే గీయాలి. మిగిలిన నాలుగంగుళాలూ ముందు భాగానికే ఇవ్వాలి, అదీ డాట్లు (ఛాతీ ఆకారం కోసం బట్టని మడిచి వేసే కోసు కుట్లు) లోతు చేసి. ప్రిన్సెస్ కట్ (డాట్లకి బదులు ఛాతీ మీదుగా కిందిదాకా దిగే పొడుగు కుట్టు) అయితే ఆ కుట్టులోనే కలిపెయ్యొచ్చు. దానికి ఇంకో రెండు కొలతలు కావాలి: భుజం మీద మెడ మొదలు నుంచి డాట్ పాయింట్ (ఛాతీ మీద డాట్ల మొన చేరే చోటు) దాకా ఒకటి, కుడి ఎడమ డాట్ పాయింట్ల మధ్య దూరం ఒకటి. ఈ రెండూ అడగని టైలర్ మీ ముందు భాగాన్ని అంచనా మీద కోస్తున్నాడన్నమాట.

చంక సంగతి కూడా చెప్పాలి. పట్టేస్తోందంటే కిందికి కొయ్యడం మన దగ్గర అందరూ చేసే పనే. చంక కుట్టు ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు పక్క కుట్టుని అంతగా పైకి లాగుతుంది. లావు చేతులకి చెయ్యాల్సింది చంక లోతు పెంచడం కాదు, చేతి ముక్కని పై భాగంలో వెడల్పు చెయ్యడం. చేతి గుండ్రం (చేతి ముక్క పైన భుజానికి కలిపే వంపు) ఎత్తు కాస్త తగ్గిస్తే ఆ వెడల్పు వస్తుంది. అప్పుడు చంక పైకే ఉంటుంది, చెయ్యీ ఆడుతుంది.

డాలస్ తెలుగమ్మాయి

నేను చెల్లెలి వైపే. అమ్మావాళ్ళు ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసు నిండా జాకెట్లు తెస్తారు. అవన్నీ నా పెళ్ళినాటి ఆదికి కుట్టినవి. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆ ఒళ్ళెక్కడ, ఈ ఒళ్ళెక్కడ! అమ్మ మాత్రం "రెండేసి కుట్లు వదులు చేయించానే" అంటుంది. పక్కలు వదిలితే నడుము దగ్గర లూజు అవుతోంది, ఛాతీ దగ్గర బిగువు అలాగే ఉంటోంది. ఈసారి వీడియో కాల్‌లో మా అక్క చెబుతుంటే నేనే కొలుచుకుని పంపాను. అన్నీ బాగానే వచ్చాయి, వీపు వెడల్పు మాత్రం తప్పింది. అది ఎవరికి వాళ్ళు కొలుచుకోవడం కుదరదు.

టేపూ కత్తెరా

నాది కరీంనగర్, లేడీస్ టైలర్‌ని. టీచర్ మేడమ్ చెప్పిన కటింగ్ నాకూ తెలుసు. నా గురువు దగ్గర డాట్ పాయింట్ కొలతతోనే నేర్చుకున్నాను. మరి చెయ్యట్లేదేమంటే ఉన్నమాట చెబుతాను.

ఒక్కో కస్టమర్‌కి పదకొండు, పన్నెండు కొలతలు తీసి, కాగితం మీద డ్రాఫ్టు గీసి, ట్రయల్ వేయించి, మళ్ళీ విప్పి కుట్టాలంటే ఒక జాకెట్టుకి పట్టే టైములో ఆది మీద మూడు అవుతాయి. శ్రావణంలో, పెళ్ళిళ్ళ సీజన్‌లో షాపులో సంచులు గుట్టలుగా ఉంటాయి. కూలి మాత్రం రెండిటికీ ఒకటే ఇస్తారు. వంద ఎక్కువడిగితే పక్క షాపుకి పోతారు. ఇంకోటి, మగవాణ్ణి కాబట్టి మా ఆవిడ షాపులో ఉన్నప్పుడే కొలతలు తీస్తాం, లేకపోతే కస్టమర్ ఇబ్బంది పడతారు. అందుకే ఆది అడుగుతాం. దాన్ని బద్ధకం అనుకోవద్దు.

అయితే ఒక్క మాట. ఆది తెచ్చేవాళ్ళు దాన్ని ఇంట్లో ఒకసారి వేసుకుని అద్దంలో చూసి తెస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. బీరువాలో అడుగున ఉన్నది తీసుకొస్తారు. ఎక్కడ బిగువో, ఎక్కడ లూజో అడిగితే "ఇది వేసుకుని చాలా ఏళ్ళయింది" అంటారు.

రాజమండ్రి మిషను

చూశారా, టైలరే చెబుతున్నాడు. టీచరమ్మా, నువ్వు చెప్పినవన్నీ క్లాసులో బాగుంటాయి. నేను ఆదిలోంచి కూడా డాట్ల లోతు కొలుచుకుంటాను తల్లీ, గుడ్డిగా కొయ్యను. ఎక్కడ కుట్టు పిగిలిందో, చంక దగ్గర ఎక్కడ చెమట మరక పడిందో, ఏ హుక్కు సాగిందో చూస్తాను. ఆది జాకెట్టు ఆ మనిషి ఒంటి మీద ఏళ్ళ తరబడి ఉన్నది. టేపుకి దొరకనివి అందులో దొరుకుతాయి.

కటింగ్ టీచర్

అక్కగారూ, మీరు ఆదిని అలా చదువుతారు కాబట్టి మీ చేతిలో అది పనిచేస్తుంది. ఆదిని బల్ల మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కోసేవాళ్ళే ఎక్కువ. పరిచిన జాకెట్టులో ముందు భాగం ఎత్తు ఎక్కడ తెలుస్తుంది? డాట్లు నలిగి పక్కకి ఒరుగుతాయి. క్రాస్ కట్ అయితే ఇంకా కష్టం. ఐమూలగా కోసిన బట్ట ఉతికి ఉతికి సాగి ఉంటుంది. సాగిన కాటన్ ఆది మీద సాగని బ్రొకేడ్ కోస్తే ఆ కొలత ఆ బట్టకి చెల్లదు. కుడుతున్న బట్ట స్వభావం ఆదికి తెలియదు. మీకు తెలుసు, అందరికీ తెలియదు.

కరీంనగర్ తమ్ముడు చెప్పిన కూలి మాట మాత్రం ఒప్పుకుని తీరాలి. చీరకి వేలకు వేలు పెట్టి, మగ్గం వర్క్‌కి వేలు పెట్టి, కుట్టుకూలి దగ్గర బేరమాడతాం. ఒంటికి అమరేది ఆ కుట్టుపనితోనే అని తెలిసి కూడా.

వేసుకుని వెళ్ళిపోదాం

ఇంత చర్చ ఎందుకండీ? సాగే బట్టతో రెడీమేడ్ జాకెట్లు వస్తున్నాయి. ఎస్, ఎమ్, ఎల్ చూసి కొనుక్కోవడమే.

కటింగ్ టీచర్

రోజూ ఆఫీసుకి వేసుకోడానికి బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ ఎల్ అనేది ఎవరి ఒళ్ళు? రెడీమేడ్ సైజుల పట్టిక కోసమని అమెరికాలో వ్యవసాయ శాఖ వాళ్ళు సుమారు 15,000 మంది ఆడవాళ్ళని, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచి 1941లో అచ్చువేశారు. అది కూడా తెల్లవాళ్ళ కొలతలే. మన ఒళ్ళకి సొంత సైజుల పట్టిక కావాలనే నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ) వాళ్ళు ఇండియాసైజ్ పేరుతో త్రీడీ స్కానర్ల సర్వే చేపట్టారు. అందులో హైదరాబాద్ కూడా ఉంది. అది మంచి పనే. అయినా ఏ పట్టికా 34 మీద 38 ఉన్న ఒంటినీ, 37 మీద 38 ఉన్న ఒంటినీ ఒకే అక్షరంలో ఇమడ్చలేదు.

అమ్మకోసం

నేను కుట్టేదాన్ని కాదు, మా అమ్మ గురించి చెబుదామని రాస్తున్నాను. అమ్మకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయి ఒక వైపు తీసేశారు. పాత ఆదితో కుట్టిస్తే ఆ వైపు బట్ట ముడతలు పడి లోపలికి పోయేది. అమ్మ పైట సర్దుకుంటూనే ఉండేది, పేరంటాలకి వెళ్ళడం మానేసింది. మాకు తెలిసిన ఒకావిడ ఇంటికొచ్చి రెండు వైపులా వేరువేరుగా కొలిచింది. లోపల ప్యాడ్ కోసం కాటన్ అర కుట్టింది. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి బాగా పైకి లేవదు కాబట్టి హుక్కులు ముందు వైపే పెట్టి, చంక దగ్గర లైనింగ్ కుట్టు ఒరుసుకోకుండా అంచుని బయటికి తిప్పింది. వీపు కాస్త వంగింది కాబట్టి వెనక పొడవు పెంచి, ముందు తగ్గించింది. ముందు పాత చీరముక్కతో కుట్టి చూసింది.

ఒళ్ళు మారినవాళ్ళకి ఆది అడగడం ఎంత బాధో ఆరోజు అర్థమైంది. అమ్మకి ఆ పాత జాకెట్టు ఇవ్వడానికి మనసు రాలేదు.

రాజమండ్రి మిషను

అమ్మకి నా నమస్కారాలు చెప్పమ్మా. ఇలాంటి వాళ్ళకి టేపే పట్టాలి, అందులో వాదించేది లేదు. బాలింతలకి, ఒళ్ళు బాగా తగ్గినవాళ్ళకి నేనూ కొలిచే కుడతాను. మామూలు ఒళ్ళకి మాత్రం ఆది మాట వదలను.

గుంటూరు కోడలు

చదువుతుంటే నా జాకెట్టు నా కళ్ళముందే విప్పి చూపించినట్టుంది. ఇవాళ పొద్దున చెల్లెలితో పై ఛాతీ కొలిపించాను. ఛాతీ 39, పై ఛాతీ 35న్నర. భుజం జారడం ఎందుకో అర్థమైంది. నాకు తోచింది ఇది: కొలతలు తీసే టైలర్‌ని వెతికి ముందు ఒక మామూలు కాటన్ జాకెట్టు కుట్టిస్తాను. ట్రయల్‌కి వేరేగా డబ్బులిస్తానని ముందే చెబుతాను. అది కుదిరితే అదే నా ఆది. మా అత్తగారి మాటా, చెల్లి మాటా రెండూ చెల్లుతాయి. మగ్గం వర్క్ వాటికి ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెబుతారా?

కటింగ్ టీచర్

కొలత ఇచ్చేటప్పుడు పెళ్ళిలో వేసుకునే బ్రానే వేసుకోండి. బ్రా మారితే డాట్ పాయింట్ మారిపోతుంది. లైనింగ్ కాటన్‌ని ముందే నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేయించండి. పట్టు కుంచించుకోక, లైనింగ్ కుంచించుకుంటే మొదటిసారి తడవగానే పైన బుడగల్లా లేస్తుంది. ట్రయల్ వేసుకుని నిలబడి చూసుకోవడం కాదు, కూర్చోండి, చేతులెత్తి జడలో పూలు పెట్టుకుని చూడండి. ముడతలు ఎటు లాగుతున్నాయో ఫోటో తీయించండి. ఛాతీ వైపు లాగితే అక్కడ బట్ట చాలట్లేదని. వీపు మీద అడ్డంగా మడత పడుతుంటే వెనక పొడవు ఎక్కువైందని.

టేపూ కత్తెరా

మేడమ్, ముఖ్యమైనది ఒకటి. కాటన్ ట్రయల్ అయ్యాకే బట్టని వర్క్‌కి ఇవ్వండి. మెడ, చేతుల గీతలు మార్కింగ్ చేసి ఇస్తేనే వాళ్ళు ఫ్రేముకి బిగించి వర్క్ చేస్తారు. వర్క్ అయ్యాక మెడ మార్చడం కుదరదు. పక్క కుట్ల దగ్గర ఒక్కో వైపు రెండంగుళాల బట్ట లోపల వదలమనండి, చేతుల్లో కూడా ఒకటిన్నర. ఆ వదిలిన చోట పూసలు, జర్దోసీ రాకుండా ముందే గీత గీసి చూపించండి, లేకపోతే రేపు వదులు చెయ్యాలన్నా సూది దిగదు. పట్టు మీద పాత కుట్టు రంధ్రాలు కనబడతాయి, కాబట్టి విప్పి కుట్టే పని ఏదున్నా కాటన్ మీదే అయిపోవాలి. సంక్రాంతి లోపల బట్ట ఇచ్చెయ్యండి. మాఘం ముహూర్తాలు మొదలయ్యాక వర్క్ చేసేవాళ్ళు దొరకరు.