ఐసెట్ డేటా సఫిషియెన్సీ: ఇచ్చిన సమాచారం సరిపోతుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి)

అందరికీ నమస్కారం. ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కి చదువుతున్నాను. సీక్వెన్సులు, సిరీస్ 25 ప్రశ్నల్లో ఇరవై దాకా కరెక్ట్ అవుతున్నాయి. డేటా సఫిషియెన్సీ 20 ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి సగం పోతున్నాయి. వీటిలో ప్రశ్న కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు; జవాబు తేలడానికి మొదటిది ఒక్కటే చాలా, రెండోది ఒక్కటే చాలా, రెండూ కలిస్తేనే సరిపోతుందా, రెండూ కలిసినా సరిపోదా అన్నది గుర్తించాలి. నిన్న తప్పు పెట్టింది ఇది.

షెల్ఫులో ఐదు జాడీలు వరుసగా ఉన్నాయి: ఆవకాయ, గోంగూర, మాగాయ, నిమ్మకాయ, ఉసిరికాయ. సరిగ్గా మధ్యలో ఉన్న జాడీ ఏది?
మొదటి స్టేట్‌మెంట్: ఆవకాయ ఎడమ చివర ఉంది. ఆవకాయకూ మాగాయకూ మధ్య ఒక్క జాడీయే ఉంది.
రెండో స్టేట్‌మెంట్: ఉసిరికాయ కుడి చివర ఉంది. గోంగూర ఆవకాయ పక్కనే ఉంది.

రెండూ కలిపి చూస్తే వరుస మొత్తం వచ్చేసింది. అందుకే 'రెండూ కలిస్తేనే సరిపోతుంది' అని పెట్టాను. కీలో 'మొదటిది ఒక్కటే చాలు' అని ఉంది. ఎలాగో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

జవాబు (విజయవాడ నుంచి)

తమ్ముడూ, కీ కరెక్టే. ప్రశ్న మళ్లీ చదువు. వాళ్లు అడిగింది మధ్య జాడీ ఒక్కటే. మొదటి స్టేట్‌మెంట్ ప్రకారం ఆవకాయ ఒకటో చోట, మాగాయ మూడో చోట. మిగతా మూడు జాడీలు ఎటు మారినా మధ్యలో మాగాయే. అక్కడితో పని అయిపోయింది.

ఇక రెండోది. మొదటి స్టేట్‌మెంట్‌ను చేత్తో మూసేసి చదువు. నిజంగానే అరచెయ్యి అడ్డం పెట్టు, నేను పిల్లలచేత అలాగే చేయిస్తాను. ఇప్పుడు ఆవకాయ ఎడమ చివర ఉందని నీకు తెలియదు. ఆవకాయ, గోంగూర, మాగాయ, నిమ్మకాయ, ఉసిరికాయ అని పేర్చవచ్చు. నిమ్మకాయ, ఆవకాయ, గోంగూర, మాగాయ, ఉసిరికాయ అని కూడా పేర్చవచ్చు. ఒకసారి మధ్యలో మాగాయ వచ్చింది, ఒకసారి గోంగూర. షరతులు తప్పకుండా రెండు వేర్వేరు జవాబులు దొరికాయంటే అది సరిపోదు. రెండో అమరిక దొరకగానే ఆపేయి, మూడోది వెతకొద్దు. 200 ప్రశ్నలకు 150 నిమిషాలంటే ఒక్కోదానికి 45 సెకన్లే.

నీకు సీక్వెన్సులు బాగా వస్తున్నాయి కాబట్టి ఇక్కడ దెబ్బ తగులుతోందని నా అనుమానం. అక్కడ 1, 2, 4 చూడగానే రెట్టింపు అవుతోందని పట్టేసి 8 పెడతాం. ఇక్కడ ఆ చొరవ పనికిరాదు. తేడాలు 1, 2, 3 అనుకుంటే తర్వాతి సంఖ్య 7. వృత్తం మీద బిందువులు పెట్టి అన్నిటినీ గీతలతో కలిపితే లోపల వచ్చే గరిష్ఠ భాగాలు 1, 2, 4, 8, 16 అని వెళ్లి, ఆరో బిందువు దగ్గర 31 అవుతాయి. 32 కాదు! నియమం ఏమిటో స్టేట్‌మెంట్‌లో రాసి ఉంటేనే వాడుకోవాలి.

మన ఊళ్ల ఉదాహరణే చెప్తాను. 'ఒక రైలు మంగళగిరిలోనూ నంబూరులోనూ ఆగుతుంది. ముందు ఏది వస్తుంది?' గుంటూరులో రోజూ ఎక్కేవాళ్లు ఠక్కున నంబూరు అంటారు. విజయవాడలో ఎక్కే నేను మంగళగిరి అంటాను. రైలు ఎటు వెళ్తోందో ఎక్కడా చెప్పలేదు కదా!

ప్రశ్న (గుంటూరు నుంచి)

థాంక్స్ అక్కా, చెయ్యి అడ్డం పెట్టి చూస్తే వెంటనే తెలిసింది. ఇంకోటి. అంకశ్రేఢిలో (ప్రతిసారీ ఒకే సంఖ్య కలుపుతూ వెళ్లే వరుసలో) ఐదో పదం ఎంత? మొదటి స్టేట్‌మెంట్: మూడో పదం, ఏడో పదం కలిపితే 40. రెండోది: మొదటి పదం 4. తెలియనివి రెండు, మొదటి పదమూ పదాంతరమూ (ప్రతిసారీ కలిపే ఆ సంఖ్య). రెండు సమీకరణాలు కావాలి కాబట్టి రెండూ కలపాలి అనుకుంటున్నాను.

జవాబు (మంగళగిరి నుంచి)

బ్రదర్, నేనూ పోయినసారి ఇలాంటిదాంట్లోనే ఇరుక్కున్నాను. మూడుకీ ఏడుకీ సరిగ్గా మధ్యలో ఉన్నది ఐదు. అంకశ్రేఢిలో మధ్య పదం అటూ ఇటూ ఉన్నవాటి సగటు. 40లో సగం 20. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. మొదటి పదం ఎంతో, పదాంతరం ఎంతో తెలియకుండానే జవాబు వచ్చేసింది.

జవాబు (విజయవాడ నుంచి)

చక్కగా చెప్పారు. రెండోది ఒక్కటే ఎందుకు చాలదో కూడా చూడు తమ్ముడూ: 4, 5, 6 అని వెళ్తే ఐదోది 8 అవుతుంది; 4, 6, 8 అని వెళ్తే 12 అవుతుంది.

అవును, కాదు ప్రశ్నల దగ్గర కూడా చాలామంది తడబడతారు. 'ఉసిరికాయ మధ్యలో ఉందా?' అని అడిగి, కుడి చివర ఉందని ఇస్తే జవాబు 'లేదు'. అలా ఖాయంగా తేలింది కాబట్టి సమాచారం సరిపోయినట్టే. 'లేదు' వచ్చింది కదా అని 'సరిపోదు' పెట్టకు. 'ఏ ఒక్కటైనా చాలు' అనే ఆప్షన్ బ్యాంకు పరీక్షల్లో ఉంటుంది, ఐసెట్ నాలుగు ఆప్షన్లలో ఉండదు. రెండింటికీ చదువుతుంటే ఆప్షన్ల నంబర్లు కలిసిపోతాయి, పేపర్ తెరవగానే ఆ సూచనలు ఒకసారి చదువుకో. ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, తేలకపోయినా ఏదో ఒకటి గుర్తు పెట్టు.

ప్రశ్న (గుంటూరు నుంచి)

సరే అక్కా. ఈ రాత్రికి పాత పేపర్‌లోని ఇరవై మళ్లీ చేస్తాను. 'సరిపోదు' అని పెట్టిన ప్రతిదానికీ పక్కన రెండు వేర్వేరు జవాబులు రాసి, రేపు ఇక్కడే పెడతాను. చూసి చెప్పండి.