తిమింగలాల మీద పనిచేయాలంటే ఏం చదివించాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, చాలా ఏళ్లుగా చెన్నై తిరువాన్మియూరులో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది. రెండేళ్ల క్రితం పొద్దున్నే బీచ్‌కి వెళ్తే ఒడ్డున చనిపోయిన డాల్ఫిన్ కనిపించింది. తోక మొదట్లో వల తాడు కోసుకుపోయిన గీత. పాప ఇసుకలో కూర్చుని చాలాసేపు ఆ గీతనే చూసింది. అప్పట్నుంచి దాని ధ్యాసంతా సముద్రం మీదే.

శ్రీలంక శాస్త్రవేత్త ఆషా డి వోస్ అంటే దానికి ప్రాణం. 2003లో ఆమె నీలి తిమింగలాల దగ్గర నీళ్లమీద తేలుతున్న ఎర్రటి మలం చూసి, ఇవి శ్రీలంక దగ్గరి వెచ్చటి నీళ్లలోనే మేస్తున్నాయని గ్రహించారు. పెద్ద తిమింగలాలు మేతకు చల్లటి సముద్రాలకు పోతాయన్నదే అప్పటిదాకా అందరి నమ్మకం. పాప ఇలాంటివన్నీ తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటుంది, చాలా బాగా రాస్తుంది. పరిశోధనతో పాటు పిల్లలకు పుస్తకాలూ రాయాలని కోరిక.

ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి. ఇక్కడే జువాలజీ డిగ్రీ చేసి, పరంగిపేటలోని అన్నామలై యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో పీజీకి వెళ్తే సరిపోతుందా? లేక వెటర్నరీ మేలా? 2022లో తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్యనున్న పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లు డ్యుగాంగ్‌ల (సముద్రపు గడ్డి మేసే ‘సముద్రపు ఆవుల’) కోసం కేటాయించారు కదా, అలాంటిచోట విద్యార్థులను పనికి రానిస్తారా? ఈత ఇప్పుడే నేర్పించాలా? చదువయ్యాక ఉద్యోగం సంగతే మా ఆవిడకి పెద్ద టెన్షన్. ఉన్నదున్నట్టు చెప్పండి.