అస్థిపంజరాల అడుగు తాళం తప్పకుండా ఎలా పడింది?

ప్రశ్న (మృదంగం మాస్టారు, తిరుపతి):
డిస్నీ సంస్థ 1929లో విడుదల చేసిన 'ది స్కెలిటన్ డాన్స్' అనే నలుపు తెలుపు కార్టూన్‌ను నా దగ్గర మృదంగం నేర్చుకునే పిల్లలకు చూపించాను. సమాధుల నుంచి లేచిన అస్థిపంజరాలలో ఒకటి మరొకదాని వెన్నుపూసలను తొడ ఎముకలతో జైలోఫోన్‌లా వాయిస్తుంది. ఒక్క దెబ్బ కూడా తాళం తప్పదు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఇది ఎలా సాధ్యమైంది? శబ్దం ఆపి పిల్లల చేత వాయింపజేస్తే, మొదట కుదిరినా కాసేపటికి తేడా వస్తోంది. కారణం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (యానిమేషన్ విద్యార్థిని, చిత్తూరు):
మాస్టారూ, శబ్ద చిత్రం సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున స్థిరంగా నడుస్తుంది కాబట్టి కాలాన్ని ఫ్రేములలోనే కొలిచారు. తాళంలోని ఒక్కొక్క అక్షరానికి, అంటే ఒక్కో దెబ్బకు, 12 ఫ్రేములు పెట్టుకుంటే నిమిషానికి 120 దెబ్బలు పడతాయి. అప్పుడు ఎనిమిది అక్షరాల మీ ఆదితాళం ఒక ఆవర్తం సరిగ్గా 96 ఫ్రేములు, అంటే 4 సెకన్లు. ఈ లెక్క ముందే కాగితం మీదికి వస్తే, ఎముక ఏ బొమ్మలో తగలాలో చిత్రకారుడికి గీయకముందే తెలిసిపోతుంది. ఈ చిత్రంలోని బొమ్మలలో అధిక భాగం అబ్ ఐవర్క్స్ గీసినవే. సంగీతాన్ని ముందుంచి కథను దాని వెంట నడిపించాలన్న ఆలోచన మాత్రం సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్‌ది. 'సిల్లీ సింఫనీస్' అనే డిస్నీ కార్టూన్ల వరుసకు అదే పునాది.

జవాబు (పాత సినిమాల అభిమాని, తిరుపతి):
లెక్క కాగితం మీద ఉన్నంత మాత్రాన వాద్యబృందం దానికి లొంగదు. అంతకు ముందు ఏడాది వచ్చిన డిస్నీ కార్టూన్ 'స్టీమ్‌బోట్ విల్లీ'కి బొమ్మలు పూర్తయ్యాక న్యూయార్క్‌లో సంగీతం రికార్డు చేయబోతే మొదటి ప్రయత్నం విఫలమైంది. లయను చూపే గుర్తు ఒకటి తెర మీద ఎగిరిపడేలా ఏర్పాటు చేసి, దాన్ని చూస్తూ వాయించాకే కుదిరింది. నాట్యానికి తాళాలతో లయ చూపే మన నట్టువాంగం చేసే పనే అది, చెవికి బదులు కంటికి.

జవాబు (చిత్తూరు విద్యార్థిని):
మాస్టారూ, మీ పిల్లలకు వస్తున్న తేడాకు రెండు కారణాలు ఉండవచ్చు. చిత్రమంతా ఒకే కాలప్రమాణంలో ఉండదు. ఘట్టం మారినప్పుడు నడక మారుతుంది. రెండోది, కొన్ని డీవీడీలలో 24 ఫ్రేముల చిత్రం సెకనుకు 25 చొప్పున పరుగెడుతుంది. 120 దెబ్బల నడక అప్పుడు 125 అవుతుంది. కనుక మీ దగ్గరున్న కాపీ ఏ వేగంతో నడుస్తుందో ముందు చూసుకుని, వెన్నుపూసల ఘట్టాన్ని మాత్రం విడిగా తీసి, శబ్దంతో ఒకసారి తాళం వేయించాక శబ్దం ఆపండి.