అప్‌డేట్: ఒహాయోపైల్ వెళ్లివచ్చాం

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే అమ్మానాన్నలకు ఒక స్టేట్ పార్కు చూపిస్తూ, అదే రోజు పాత రైలుమార్గం మీద సైకిల్ కూడా తొక్కే వీలుందా అని ఇంతకుముందు అడిగాను. పెన్సిల్వేనియాలోని ఒహాయోపైల్ స్టేట్ పార్కు పేరు చెప్పినవారికి కృతజ్ఞతలు.

పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్లు సాగే గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ అనే సైకిల్ బాట ఈ పార్కు గుండానే పోతుంది. నాన్నగారూ నేనూ కాన్‌ఫ్లూయెన్స్ ఊళ్లో సైకిళ్లు దించుకున్నాం. అమ్మను తీసుకుని మా ఆవిడ కారులో ముందే ఒహాయోపైల్ చేరింది. కాన్‌ఫ్లూయెన్స్ నుంచి ఒహాయోపైల్‌కు బాట మీద సుమారు 11 మైళ్లు. యాకగేనీ నది వెంబడే, నీటి వాలులోనే దిగుతుంది కాబట్టి ఈ దిశలో తొక్కడమే హాయి. ఒకప్పుడు బరువైన రైళ్లు నడిచిన బాట కావడంతో నిటారు ఎత్తులు ఎక్కడా లేవు. నున్నగా పరిచిన సున్నపురాయి పొడి మీద, డెబ్బై దాటిన నాన్నగారు నాకంటే ముందున్నారు! (ఆ సంగతి ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతున్నారు.)

పార్కు ప్రవేశానికి రుసుము లేదు. జలపాతం ఊరి నడుమనే ఉంది, అమ్మకు నడక శ్రమ తప్పింది. మెడో రన్ అనే వాగులోని సహజ జారుడుబండల దగ్గర మాత్రం రాళ్లు బాగా జారుతున్నాయి, పెద్దలను ఒడ్డునే కూర్చోబెట్టండి. వారాంతమైతే ఉదయాన్నే చేరండి, తరువాత కారు నిలపడానికి చోటు దొరకదు. పులిహోర తప్పక కట్టుకెళ్లండి.